మత్లబ్, సంజాయిషీ, షరా

మా ఇంట్లో రోజుకు పదిసార్లు వినపడే మాట 'మత్లబ్'. పొయ్యి దగ్గర కూచున్న అమ్మీకి అబ్బా చెప్పింది సగమే చేరేది. 'మత్లబ్?' అని అడిగేది. బడి నుంచి వచ్చి మేం తెలుగులో ఏదైనా అంటే నానీ తస్బీ తిప్పడం ఆపి 'మత్లబ్ క్యా రే ఉస్కా?' అనేది. నువ్వన్నదానికి అర్థం ఏమిట్రా అని. అందులో కోపం లేదు, అనుమానం లేదు. మాట చెవిన పడింది గానీ మనసుకు అందలేదు, మళ్ళీ చెప్పమని అడగడం. మేం మళ్ళీ చెప్పేవాళ్ళం. నానీ 'అచ్ఛా' అని తస్బీ అందుకునేది.

ఇదే మాట బడిలో ఇంకో ముఖంతో ఎదురైంది. 1992 డిసెంబర్ పోయి కొత్త సంవత్సరం వచ్చిన రోజులవి. అయోధ్యలో బాబ్రీ మసీదు కూలగొట్టిన సంగతి మాకు తెలుసు. దాని బరువు తెలిసే వయసు కాదు. గల్ఫ్‌లో ఉన్న మామూ రాసిన ఉత్తరం మా తెలుగు వాచకంలో ఉండిపోయింది. సారు పుస్తకం తెరిచారు. కుడి నుంచి ఎడమకు సాగిన ఆ అక్షరాలను కాసేపు చూశారు. 'ఏం మతలబు ఉందిరా ఇందులో?' అన్నారు. క్లాసంతా మా వైపు తిరిగింది. మేం లేచి నిలబడి ఉత్తరాన్ని ఒక్కో వాక్యం తెలుగు చేసి చదివాం. డ్రాఫ్టు పంపానని, నానీ కంటి ఆపరేషన్ ఆలస్యం చేయొద్దని, రంజాన్‌కు రాలేనని. సారు 'సరే, కూచో' అని ఉత్తరం ఇచ్చేశారు.

ఆయన చెడ్డవాడు కాదు. ఈ రోజు మేం తెలుగులో తప్పుల్లేకుండా నాలుగు వాక్యాలు రాస్తున్నామంటే ఆయన చలవే. అయినా ఆ ప్రశ్న మాలో ఉండిపోయింది. మా జీవితంలో మేం చేసిన మొదటి తర్జుమా అది. దాని అసలు పేరు సంజాయిషీ అని తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

*

మత్లబ్ అరబ్బీ మాట. తలబ్ అంటే కోరడం, వెదకడం. వెదికేవాడు తాలిబ్. వెదకబడేది మత్లూబ్. పదిమంది ముందు పెట్టే కోరిక ముతాలబా. వెదుకులాట చేరే చోటు మత్లబ్. ఒక మాట దగ్గరికి అర్థం వెదుక్కుంటూ పోతే చివరికి చేరేదేదో అది మత్లబ్.

ఇదే మాట తెలుగులో 'మతలబు' అయింది. అచ్చు చేరింది, ఒత్తు పోయింది, అర్థం మారింది. 'దీని వెనుక ఏదో మతలబుంది' అంటాం. 'కమిషనర్ బదిలీలో మతలబేమిటి?' అని పత్రికలు శీర్షిక పెడతాయి. తెలుగు మతలబు ఎప్పుడూ ముందు ఉండదు, వెనుకే ఉంటుంది. పైకి కనిపించే అర్థం మతలబు కాదు. దాచిపెట్టిందే మతలబు.

నేరమంతా తెలుగుదని మేం అనం. ఉర్దూలోనూ 'మత్లబీ' అంటే స్వార్థపరుడు. కోరిక అనే మాటలోనే స్వార్థానికి చోటుంది. అలాగే హైదరాబాద్ తెలుగులో 'మత్లబ్ ఏందంటే' అని మామూలుగా మాట అందుకునేవాళ్ళున్నారు. అక్కడ ఆ మాటకు ఏ మచ్చా లేదు. కానీ ఉర్దూలో అర్థమూ, స్వార్థమూ రెండూ పక్కపక్కన బతుకుతుంటే, రాతలో స్థిరపడ్డ తెలుగుకు రెండోదే ఎక్కువగా వచ్చింది. మొదటిది దారిలో ఎక్కడో జారిపోయింది.

ఇది ఒక్క మాట సంగతైతే భాషాశాస్త్రం వాళ్ళకు వదిలేసేవాళ్ళం. ఇంకో రెండు మాటలు చూడండి.

'సమ్‌ఝాయిష్' అంటే అర్థమయ్యేలా చెప్పడం, నచ్చజెప్పడం. పెద్దవాళ్ళు పిల్లలకు చేసేది. అది తెలుగుకు వచ్చి 'సంజాయిషీ' అయింది. తెలుగులో సంజాయిషీ ఎవరిస్తారు? తప్పు చేశాడని అనుమానం ఉన్నవాడు ఇస్తాడు. ఎవరడుగుతారు? పైఅధికారి అడుగుతాడు.

'షర్హ్' అంటే విప్పి చెప్పడం, వ్యాఖ్యానం. గాలిబ్ ఉర్దూ దీవాన్‌కు నజ్మ్ తబాతబాయి 1900లో షర్హ్ రాశారు. ఆయన హైదరాబాద్ నిజాం కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. ఒక్కో షేర్ పట్టుకుని, దాని నడక చూసి, బాగుంటే మెచ్చి, బాగా లేకపోతే గాలిబ్ అని కూడా చూడకుండా తప్పుపట్టి రాసిన పుస్తకం అది. ఆ షర్హ్ తెలుగు కచేరీకి వచ్చి 'షరా' అయింది. రిజిస్టరులో చిట్టచివరి గడి. అధికారి రెండు ముక్కలు రాసే చోటు. ఏమీ తోచకపోతే 'మామూలే' అని రాస్తాడు. 'షరా మామూలే' అని మనం నవ్వుతూ అనే మాట వెనక ఆ గడే ఉంది.

అర్థం, అర్థమయ్యేలా చెప్పడం, అర్థాన్ని విప్పడం. ఒక భాషలో తెలుసుకోవడానికి సంబంధించిన మూడు మాటలు ఇంకో భాషకు వచ్చేసరికి దాచిన ఉద్దేశం, నిందితుడి జవాబు, అధికారి రాత అయ్యాయి. మేం ఉర్దూలోంచి తెలుగులోకీ, తెలుగులోంచి ఉర్దూలోకీ తిరుగుతూ పొట్టపోసుకునేవాళ్ళం. ఈ మూడు మాటల దగ్గర మాత్రం ఎప్పుడూ కాలు తడబడుతుంది.

*

ఎందుకిలా జరిగింది? మాకు తోచిన కారణం ఒకటుంది. ఈ మాటలు తెలుగువాడికి ఇంటి గుమ్మంలో పరిచయం కాలేదు. కచేరీలో పరిచయమయ్యాయి. దస్తావేజు, జమాబందీ, తాఖీదు, జప్తు, ఖైదు, ఫిర్యాదు. గోల్కొండ నుంచి నిజాం దాకా రాజ్యం పారశీకంలో రాసుకుంది. 1880ల్లో నిజాం సర్కారు పారశీకం తీసి ఉర్దూ పెట్టింది. రైతుకు రెండూ ఒకటే. తన భూమి గురించి తనకు రాని భాషలో, తనకు తెలియని లిపిలో ఎవరో రాస్తారు. ఆ కాగితానికి అర్థం ఒకటుంటుంది, దాని వెనక ఇంకోటుంటుంది. కాగితం మతలబు తెలిసేలోపు పొలం పోతుంది. అలాంటివాడికి మతలబు అంటే మోసమని అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

కనుక ఆ అనుమానం మొదట ముస్లిం మీద పుట్టింది కాదు, సర్కారు మీద పుట్టింది. కలం పట్టినవాళ్ళందరూ ముస్లింలూ కాదు. ఊళ్ళో లెక్కలు రాసింది పట్వారీలు, కరణాలు. నిరక్షరాస్యుడైన ముస్లిం రైతుకూ, నేతగాడికీ, జట్కావాలాకూ ఆ కాగితం అంతే పరాయిది. రాజ్యం పోయింది, కచేరీ పోయింది. కానీ ఆ అనుమానం మాత్రం పోకుండా, రాజ్యం ఏనాడూ చేతిలో లేని బీద సాయిబు మీద వచ్చి వాలింది. నవాబుగారి కాగితాన్ని శంకించిన చూపే మామూ ఉత్తరాన్నీ శంకించింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రెండో అధికార భాషగా చట్టం చేశారు. బోర్డు మీద అక్షరం పెరిగింది, సంతోషమే. ఆ అక్షరాన్ని చూసే చూపును చట్టం మార్చదు.

సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. జనం నోట్లో, కచేరీల్లో తిరుగుతున్న హిందుస్తానీ, పారశీక, ఇంగ్లీషు మాటల్ని ఆయన విడిగా ఏరి 1854లో మిశ్రభాషా పదాల నిఘంటువు వేశాడు. ఏరిపెట్టినందుకు ఆయనకు మొక్కాలి. లేకుంటే అవి ఏ పుస్తకానికీ ఎక్కేవి కావు. కానీ ఆ పని చూస్తే మాకు మా ఊరే గుర్తొస్తుంది. ఊరు ఒకటే, మా మాటలకు మొహల్లా వేరు.

*

ఇప్పుడు మా వృత్తి సంగతి. మేం తెలుగు పత్రిక డెస్కు మీద పనిచేశాం. ఒక పట్టణంలో ఖబరస్తాన్ గోడ కూలిపోతే కట్టించమని అక్కడి కమిటీ ఉర్దూలో ఒక ప్రకటన ఇచ్చింది. అందులో 'ముతాలబా' అని ఉంది. ముతాలబా అంటే డిమాండు. అంగన్‌వాడీ కార్యకర్తలు చేసేదీ అదే, ఆర్టీసీ కార్మికులు చేసేదీ అదే. మేం 'డిమాండు' అనే రాశాం. పొద్దున పేపర్లో శీర్షిక 'ముస్లింల హెచ్చరిక' అని వచ్చింది. అడిగితే, 'ఏముందండీ, రెండూ ఒకటేగా' అన్నారు. కూలిన గోడకు ఎవరిని హెచ్చరిస్తారు?

తాలిబ్ అంటే విద్యార్థి అని చెప్పాం. హైదరాబాద్ ఉర్దూ మీడియం బడుల్లో ప్రతి పిల్లా 'తాలిబె ఇల్మ్', చదువు వెదికేవాడు. 1994లో అఫ్ఘానిస్తాన్‌లో ఒక ముఠా ఆ మాటకు బహువచనాన్ని తన పేరుగా పెట్టుకుంది. 1996లో కాబూల్ పట్టుకుంది. ఆడపిల్లల బడులు మూయించినవాళ్ళు విద్యార్థులనే పేరు మోయడం కన్నా ఆ మాటకు అవమానం లేదు. ఆ అవమానం వాళ్ళు చేసిందే, దాన్ని మేం దాచం. కానీ మా వీధి బడి పిల్లవాడు ఏం చేశాడు?

ఫత్వా సంగతీ అంతే. ఎవరో ప్రశ్న అడిగితే ముఫ్తీ చెప్పే అభిప్రాయం ఫత్వా. తీర్పు చెప్పేది ఖాజీ. ఫత్వాకు చట్టబలం లేదని సుప్రీంకోర్టు 2014లో స్పష్టంగానే చెప్పింది. 1989లో సల్మాన్ రష్దీ మీద ఖొమేనీ ఇచ్చింది మరణశాసనం. అప్పటి నుంచి తెలుగు పత్రికల్లో ఫత్వా 'జారీ' అవుతూనే ఉంది, వారంటులాగా. ఎక్కడో ఎవరో ఒక్కరు అడిగిన ప్రశ్నకు ఒక్క ముఫ్తీ ఇచ్చిన జవాబు ఇరవై కోట్లమందికి ఆజ్ఞగా అచ్చవుతుంది.

ఇవన్నీ ఇతరుల తప్పులు. మా తప్పు ఒకటుంది, అది చెప్పకుండా ఈ వ్యాసం రాసే హక్కు మాకు లేదు. 2007 మే 18న, జుమ్మా నాడు, మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పాతబస్తీ కుర్రవాళ్ళను వరసగా పట్టుకెళ్ళారు. ఆ ఏడాది డెస్కు మీదికి వచ్చిన ఒక వార్తలో 'ఉర్దూలో ఉన్న పుస్తకాలు స్వాధీనం' అని ఉంది. డెస్కులో ఉర్దూ చదవడం వచ్చినవాళ్ళం మేమొక్కరమే. అవి ఏ పుస్తకాలు అని మేం అడగలేదు. వంటల పుస్తకమో, నమాజు నేర్పేదో, ఇబ్నె సఫీ డిటెక్టివ్ నవలో మాకు తెలియదు. 'స్వాధీనం'లో ఒత్తు సరిచూసి పంపేశాం. అడిగితే మా మీద షరా పడుతుందేమోనని భయం. ఆ రోజుల్లో పట్టుబడ్డ కుర్రవాళ్ళలో చాలామంది మీద పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు. మేం పంపిన వాక్యం మాత్రం అచ్చులో అలాగే ఉంది. చిన్నప్పుడు మామూ ఉత్తరాన్ని చూసి సారు కనీసం ప్రశ్న అడిగారు. మేం అదీ అడగలేదు.

*

సాహిత్యానికి వద్దాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో స్కైబాబా సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చింది. జల్‌జలా అంటే భూకంపం. తెలుగు కవిత్వంలో ముస్లిం తన ఇంటి మాటల్తో, తన ఇంటి వాసనల్తో మాట్లాడటం అప్పుడు బలపడింది. చాలామంది లౌకిక మిత్రులు చేతులు చాచి ఆహ్వానించారు. ఆ రుణం మేం మరవం. కానీ ఆహ్వానించిన చేతే ఒక ప్రశ్న కూడా చాచింది. ఈ ఉర్దూ మాటలెందుకు? మాకు అర్థం కావు కదా?

జనాజాకు, ఖబరస్తాన్‌కు, చివరికి అమ్మీకి కూడా పేజీ అడుగున అర్థం ఇవ్వాల్సి వచ్చింది. తర్పణానికి, పిండప్రదానానికి, వాయనానికి ఏ తెలుగు కవీ అర్థం ఇవ్వలేదు. ముస్లిం పాఠకుడు వాటిని తనంత తనే తెలుసుకున్నాడు. తెలుసుకోవడం కష్టమని ఫిర్యాదు కూడా చేయలేదు. పక్కింటి జనాజా వందేళ్ళుగా వీధిలో నడుస్తుంటే దాని పేరు తెలియకపోవడం కవి లోపం ఎలా అవుతుంది?

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మా కవిత్వాన్ని కవిత్వంగా కాక వాంగ్మూలంగా చదవడం. ఈ కవి పాకిస్తాన్‌ను ఖండించాడా? ముల్లాలను విమర్శించాడా? ఎన్ని పంక్తుల్లో? ఇది షర్హ్ కాదు, షరా. తబాతబాయి గాలిబ్‌ను తప్పుపట్టాడంటే షేర్ లోపలికి దిగి తప్పుపట్టాడు. మా కవిత పద్యం లోపల తప్పిపోతే చెప్పండి, నినాదమైపోతే చెప్పండి, ప్రతీక పాతదైతే చెప్పండి. అలా తిట్టినా మాకు గౌరవమే. హాజరు పట్టీలో గుర్తు పెట్టినట్టు చదివితే మాత్రం అది చదవడం కాదు.

అయితే అడిగిన వాళ్ళనే అనడం న్యాయం కాదు. అడక్కముందే సంజాయిషీ రాసిచ్చిన వాళ్ళం మేం. మా కవితల్లో, ఉపన్యాసాల్లో ఒక జాబితా ఉంటుంది. 1927లో ఉరికంబమెక్కిన అష్ఫాఖుల్లా ఖాన్, 1965 యుద్ధంలో ప్రాణమిచ్చిన అబ్దుల్ హమీద్. రజాకార్ అని ఎవరైనా అనగానే మేం తీసేది షోయబుల్లా ఖాన్ పేరు. 1948 ఆగస్టులో ఆయన్ను చంపారు. మా వృత్తివాడు, 'ఇమ్రోజ్' సంపాదకుడు, ముప్పయి ఏళ్ళయినా నిండని మనిషి. ఆయన ఏం రాశాడు, ఎలా రాశాడు, ఉర్దూ పత్రికా రచనలో ఆయన వాక్యం ఎలాంటిది, ఇవేవీ మేం చెప్పం, ఎవరూ అడగరు. చంపబడ్డ ముస్లిం అన్నది చాలు. ప్రాణమిచ్చిన మనిషిని మా సంజాయిషీకి జతపరిచిన కాగితంగా మార్చేశాం. దేశభక్తి రుజువుల కోసం రాసిన కవితల్లో నిలిచే కవితలు తక్కువ. కారణం ఇదే. అవి పాఠకుడితో మాట్లాడవు, విచారణాధికారితో మాట్లాడతాయి.

ఇంకో మాట. మత్లబ్ మాది, మతలబు మీది అని ఇంతసేపు రాశాం. ఇది చదివిన దూదేకుల మిత్రుడు నవ్వుతాడు. వాళ్ళ ఇంట్లో నానీ కూడా తెలుగే మాట్లాడుతుంది. వాళ్ళకు పుట్టుకతో వచ్చింది మతలబే. ఉర్దూ రాదని మేం వాళ్ళను సగం ముస్లింలుగా చూసిన రోజులున్నాయి. సాయిబు అని బయటివాళ్ళు అనుమానించినప్పుడు మాత్రం వాళ్ళకు సగం తగ్గలేదు. భాషను బట్టి మనిషికి షరా రాయడం మాకూ వచ్చు.

*

అర్థం చెప్పే అధికారం ఎవరిదన్న తగువు మా ఇంట్లోనూ ఉంది. 1985లో షాబానో కేసులో సుప్రీంకోర్టు ఖురాన్ వాక్యాలను ఉదహరించి భరణం ఇమ్మంది. ఖురాన్‌కు అర్థం చెప్పడానికి మీరెవరని మా పెద్దలు లేచారు. 1986లో కొత్త చట్టం వచ్చింది. విడాకులిచ్చిన భర్త న్యాయమైన ఏర్పాటూ, పోషణా ఇద్దత్ కాలం లోపల చేయాలని అందులో ఉంది. ఆ మూడు నెలలకే ఇస్తే చాలునని మగవాళ్ళు చదివారు. 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు అదే వాక్యాన్ని మళ్ళీ చదివింది. ఇవ్వడానికి గడువు ఇద్దత్ లోపల, ఇచ్చేది మాత్రం ఆమె ముందున్న బతుక్కంతా అంది. 'లోపల' అన్న ఒక్క మాట మత్లబ్ కోసం మా ఆడవాళ్ళు పదిహేనేళ్ళు కోర్టు మెట్లెక్కారు. 2024 జూలైలో తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో, సాధారణ చట్టం కింద భరణం అడిగే హక్కు కూడా వాళ్ళకుందని అదే కోర్టు చెప్పింది.

ఇన్నేళ్ళలో మసీదు కమిటీలు, పత్రికలు, పార్టీలు, టీవీ చర్చలు అందరూ మాట్లాడారు. ఒకరు ఆమె వెనక మతలబు వెదికారు, ఒకరు ఆమె పేరుతో మతలబు నడిపారు. 'బీబీ, నీ మత్లబ్ ఏంటమ్మా' అని అడిగినవాళ్ళు ఎంతమంది? బయటివాళ్ళు మమ్మల్ని అడగలేదని మేం బాధపడుతున్నాం. మేం మా ఇంట్లో ఆమెను అడగలేదు.

కనుక ఈ వ్యాసంలో మా ముతాలబా, హెచ్చరిక కాదండీ, ముతాలబా, చిన్నది. మతలబు అన్న మాటను తెలుగులోంచి తీసేయమని మేం అడగడం లేదు. కమిషనర్ బదిలీల వెనుక, టెండర్ల వెనుక మతలబులు ఉంటాయి, వెదకండి. కానీ ఒక మనిషి మాటో, ఒక కవితో, కుడి నుంచి ఎడమకు రాసిన ఒక ఉత్తరమో చేతికొచ్చినప్పుడు మా నానీ అడిగినట్టు ఎదురుగా ఉన్న మనిషినే అడగండి. చెప్పిందాకా ఆగండి. చెప్పాక నచ్చకపోతే పోట్లాడండి.

మామూ ఉత్తరం ఇంకా మా దగ్గరే ఉంది. నానీ కంటి ఆపరేషన్ ఆ వేసవిలోనే జరిగింది. అంతదాకా తెలుసుకోవాలని క్లాసులో ఎవరికీ అనిపించలేదు. రిజిస్టరులో చివరి గడి ఎలాగూ మీ చేతిలోనే ఉంది. అడిగిందాకా దాన్ని ఖాళీగా ఉంచండి.